సవతి బిళ్ళ

ఉప్పాడ ఒడ్డున బంగారం ఏరుకోవడం కొత్త సంగతేమీ కాదు. ఒకప్పుడు తుఫాను వెలిసిందంటే చాలు, ఆడా మగా, పిల్లా జెల్లా అంతా దువ్వెనలూ జల్లెడలూ పట్టుకుని ఇసక మీద పడేవారు. సముద్రం మింగేసిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి కదా, వాటిల్లోంచి ఏ పూసో, ఏ రవ్వో కొట్టుకొచ్చేది. ఇప్పుడా సందడి లేదు. బంగారం పెట్టుకునేవాళ్ళుంటే కదండీ పోగొట్టుకోవడానికి! పెళ్ళికూతుళ్ళు కూడా పొద్దున్నే మెడ మీద పూతనగ గీయించుకుంటున్నారు. కలంతో గీస్తే కాసులపేరు ధగధగా మెరుస్తుంది, సాయంత్రం సబ్బు పెట్టి రుద్దితే పోతుంది. అసలు బంగారం ఏ ఊళ్ళోనో నేలమాళిగలో ఉంటుంది, మన ఫోన్లో దాని అంకె మాత్రం ఉంటుంది.

అలాంటి రోజుల్లో మైలపల్లి హంసవేణి ఓ కర్ర, దాని చివర ఓ పళ్ళెం ఉన్న యంత్రాన్ని భుజాన వేసుకుని ఒడ్డున తిరుగుతోందంటే జనం నవ్వరూ మరి! "చదువుకున్న పిల్లకి పిచ్చి పట్టింది" అని కొందరు, "చదువుకుంటేనే పడుతుంది" అని ఇంకొందరు. హంసవేణి పట్టించుకునే రకం కాదు. చిన్నప్పటినుంచీ అంతే. ఒకటి తెలుసుకోవాలనుకుందంటే తెలిసేదాకా అన్నం సహించదు.

ఆమె కాకినాడలో ఓ పరిశోధనశాలలో పనిచేస్తోంది. అక్కడి పెద్దాయన ప్రొఫెసర్ వరహాలరావు. యంత్రాన్ని మొదటిసారి పరీక్షించిన రోజున ఆయన తన భార్య పాత గాజు ఒకటి అడిగి తెచ్చి, ఎవరెవరివో ఉంగరాలతో, కమ్మలతో కలిపి ఇసకలో పూడ్చాడు. ఆవిడ ముఖం తుడుచుకున్న తువ్వాలు ముక్క ఒకటి పళ్ళెం కింద అరలో పెట్టాడు. హంసవేణి యంత్రాన్ని ఇసక మీద నడిపించింది. ఉంగరాల మీదా కమ్మల మీదా అది మాటాపలుకూ లేకుండా వెళ్ళిపోయింది. గాజు దగ్గరికి రాగానే కుయ్యోమంది.

"హారి నీ! మా ఆవిడ దగ్గరికొస్తే ఇది కూడా కేకలు పెడుతోందే!" అని వరహాలరావు పొట్ట పట్టుకు నవ్వాడు.

సంగతేమిటంటే, మామూలు యంత్రానికి ఇనప మేకైనా ఒకటే, సీసా మూతైనా ఒకటే. ఇది అలాంటిది కాదు. నగ బంగారంలో కాస్త రాగి కలుపుతారు. వేసుకున్నవాళ్ళ చెమట ఆ రాగిని కొద్దికొద్దిగా తింటుంది. తిన్న చోట కంటికానని గుంటలు పడతాయి. ఒంటి ఉప్పూ జిడ్డూ వెళ్ళి వాటిల్లో కూర్చుంటాయి. ఎండలో తాండ్ర మీద తాండ్ర పోసినట్టు ఏడాది మీద ఏడాది పొర కడుతుంది. సముద్రం వాటిని కదపలేదు. ఆ పొరే ఒంటిజాడ. ఒకరిది ఇంకొకరికి పూర్తిగా కలవదు. పైగా ఆ పొరలు చదివితే ఆ మనిషికి ఎప్పుడు జ్వరమొచ్చిందో, ఎప్పుడు కడుపుతో ఉందో, ఎప్పుడు హడలి చచ్చిందో కూడా తెలుస్తుంది. పోయిన తరాల ఆరోగ్యం ఎలా ఉండేదో తెలుసుకోవడానికని శాల వాళ్ళు ఈ పని పెట్టుకున్నారు. హంసవేణి పెట్టుకున్నది మాత్రం అందుకు కాదు.

ఆమెకి వాళ్ళమ్మ గురించి ఏమీ తెలీదు. ఏమీ అంటే నిజంగా ఏమీ. తల్లి కాసులమ్మ తుఫానులో ఇంటితో సహా సముద్రంలో కలిసిపోయింది. హంసవేణి అప్పటికి మాటలు నేర్చే పిల్ల. ఫొటో లేదు, చీర లేదు, పెట్టె లేదు, ఆఖరికి శవం కూడా దొరకలేదు. కొన్నాళ్ళకి తండ్రి ఎల్లాజీ పక్కింటి నూకరత్నాన్ని చేసుకున్నాడు. ఆ నూకరత్నమే పిల్లని పెంచింది. "అమ్మ అంటే ఆవిడే, నన్ను పిన్నీ అను" అని నేర్పింది కూడా ఆమే.

తల్లి గుర్తంటూ ఇంట్లో ఉన్నది ఒక్కటే, నూకరత్నం మెడలో ఉండే సవతి బిళ్ళ. మొదటి భార్య పోయాక రెండోది వస్తే, పోయినావిడ పేరున చిన్న బంగారు బిళ్ళ చేయించి మెడలో కట్టుకోవాలి. దాని మీద ఆడమనిషి బొమ్మ పొడుస్తారు. పోయినావిడ బంగారంతోనే చేయించాలని ఆనవాయితీ. అలా చేస్తే ఆవిడ శాంతిస్తుందని నమ్మకం. నూకరత్నం ప్రతి శుక్రవారం తలంటుకుని ఆ బిళ్ళకి బొట్టు పెట్టేది. ఎల్లాజీ పోయినప్పుడు ఆడవాళ్ళు పుస్తె తీసి బిళ్ళ కూడా తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మొగుడు పోయాడు గానీ సవతి పోలేదు కదా. తియ్యకండి" అంది. ఊరంతా ముక్కున వేలేసుకుంది.

అలాంటి బిళ్ళ మొన్నటి అలల్లో పోయింది. సముద్రం రోడ్డు దాటి పైకొచ్చినప్పుడు నూకరత్నం చేపల తట్ట కాపాడుకోబోయి పడిపోయింది. లేచి చూసుకుంటే మెడలో తెగిన నల్లతాడు మాత్రమే వేలాడుతోంది.

"బెంగ పెట్టుకోకు పిన్నీ, నా యంత్రం ఉంది. నీ చెమట అంటిన గుడ్డ ఒకటియ్యి చాలు, రేపు సాయంత్రానికి తెచ్చి నీ చేతిలో పెడతాను" అంది హంసవేణి, ఉత్సాహం పట్టలేక.

నూకరత్నం తాడు చుట్టి మేకుకి తగిలించింది. "వొద్దు."

"అదేంటి?"

"వొద్దంటే వొద్దు. సముద్రం తీసుకుంది, ఆవిడే తీసుకుంది అనుకో. మిషన్లూ అవీ పెట్టకు దాని మీద."

"శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టినదానివి! ఇప్పుడు వదిలెయ్యమంటావా?"

"నీతో నాకు వాదనేటే తల్లీ? అన్నం తిను" అని నూకరత్నం లోపలికి వెళ్ళిపోయింది.

హంసవేణికి ఒళ్ళు మండింది. ఎంత మంచిదైనా సవతి సవతేనేమో, బరువు దిగిందని లోపల్లోపల సంతోషిస్తోందేమో అని కూడా అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది. పడుతూనే, పిన్ని బజారుకెళ్ళిన వేళ చూసి మేకు మీది తాడు ముక్క తెంచుకుని సంచిలో వేసుకుంది.

బిళ్ళ దొరకడం పెద్ద కష్టం కాలేదు. రోడ్డు పక్కన రక్షణకి పోసిన రాళ్ళ సందున ఇసకలో ఉంది. యంత్రం కుయ్యోమనగానే హంసవేణి మోకాళ్ళ మీద కూలబడి చేత్తో తవ్వింది. గోటి కంటే కాస్త పెద్ద బిళ్ళ. దాని మీది బొమ్మకి ముక్కూ మొహం అరిగిపోయాయి. హంసవేణి దాన్ని అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూసింది. మా అమ్మ బంగారం, అనుకుంది. కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇంటికి తీసుకెళ్ళలేదు, తిన్నగా కాకినాడ బస్సెక్కింది.

శాలలో, కొయ్యకుండానే తెర మీద బిళ్ళ లోపలి అడ్డకోత కనపడగానే వరహాలరావు కళ్ళద్దాలు పైకి తోసుకుని ముందుకు వంగాడు.

"ఇదేమిటమ్మా, కరిగించి పోసింది కాదే! పాత నగని మడతపెట్టి సుత్తితో కొట్టి బిళ్ళ చేశాడు కంసాలి. చూడు, మడత లోపల పాత పొర అలాగే చిక్కుకుపోయి ఉంది. పైన ఒక పొర, లోపల ఇంకొకటి."

హంసవేణి తెర దగ్గరికి జరిగింది. పైది పిన్నిది. పెళ్ళయినప్పటినుంచీ వేసుకుంది కదా. లోపలిది? బిళ్ళ కాకముందు ఆ బంగారాన్ని వేసుకున్న మనిషిది. అంటే అమ్మది! అమ్మ ఒంటి ఉప్పు, అమ్మ జ్వరాలు, తను కడుపులో ఉన్నప్పటి నెలలు, అన్నీ ఆ మడతలో ఉన్నాయన్నమాట. ఇన్నాళ్ళూ ఆ బిళ్ళ కళ్ళెదురుగానే ఊగుతూ ఉంది.

"లోపలిది చదవాలంటే?" అంది.

"కాంతితో పైనుంచి ఒక్కో పొర కాల్చుకుంటూ పోవాలి. కాలేటప్పుడు వచ్చే ఆవిరినే యంత్రం చదువుతుంది. చదివింది ఇక ఉండదు. లెక్కలు మిగుల్తాయి, పొర పోతుంది." ఆయన గొంతు తగ్గించాడు. "పై పొర మీ పిన్నిగారిది కదా. ఆవిడ బతికున్న మనిషి. అడిగావా?"

"అడిగానండీ" అంది హంసవేణి. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ అబద్ధం!

ఆయన మీట నొక్కాడు. బిళ్ళ మీద సూదిమొన అంత వెలుగు పడింది. తెర మీద గీత పాకడం మొదలెట్టింది. ఈమధ్యవి ముందు, పాతవి తర్వాత, వెనక్కి వెనక్కి. నూకరత్నం ఎండలో తట్ట మోసిన వేసవులు గీతలో బారులు తీరి వచ్చాయి. ఎల్లాజీ పోయిన కాలం ఓ లోయలా జారింది. ఇంకా వెనక్కి పోగానే ఒకచోట గీత నిట్టనిలువునా లేచి, చాలాసేపు కిందకి దిగలేదు.

"అబ్బో, ఎంత భయపడిందో పాపం!" అన్నాడు వరహాలరావు. "నిద్ర కూడా లేదు ఈ రోజుల్లో. ఏం జరిగింది అప్పుడు?"

హంసవేణి లెక్క చూసింది. తనకి టైఫాయిడ్ వచ్చి కాకినాడ పెద్దాసుపత్రిలో పడి ఉన్న రోజులవి. "నాకు ఒంట్లో బాలేదప్పుడు" అంది. "పోనివ్వండి సార్, కిందకి పోనివ్వండి. నాకు కావలసింది అది కాదు."

గీత వెనక్కి పోతూనే ఉంది. తను బడిలో చేరిన ఏడు పోయింది, తను పక్క తడిపిన రోజులు పోయాయి. హంసవేణి వాటికేసి సరిగ్గా చూడను కూడా లేదు. దారికడ్డంగా ఎవరైనా కూర్చుంటే వాళ్ళ మీంచి తలుపు వైపు చూస్తామే, అలా చూసింది. ఆఖరికి పై పొర అయిపోయింది. సుత్తి దెబ్బ పడిన చోటు కనపడింది. మడత విచ్చుకుంది. కొత్త గీత మొదలయింది.

నాజూకుగా ఉంది ఆ గీత. చిన్న వయసు. కడుపుతో ఉన్న ఆనవాలు లేదు, పెళ్ళి కూడా కాని పిల్ల అయి ఉండాలి. అమ్మ చిన్నప్పటిది, అనుకుంది హంసవేణి. భుజాన తెచ్చిన తన యంత్రాన్ని తెరకి కలిపి, దాని పళ్ళెం మీద చెయ్యి పెట్టింది. తల్లీబిడ్డల జాడలు సగానికి సగం కలుస్తాయి. కలిస్తే ఇక అనుమానమే లేదు.

కలవలేదు. ఇసుమంత కూడా కలవలేదు.

"పొరపాటేమో, మళ్ళీ చూడండి" అంది. వరహాలరావు మళ్ళీ చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, నల్లతాడు ముక్క తీసి అరలో పెట్టాడు. యంత్రం కుయ్యోమంది. ఆయన రెండు గీతలనీ తెర మీద పక్కపక్కన పెట్టి చూశాడు.

"పైదీ లోపలిదీ ఒక్క మనిషివే అమ్మా" అన్నాడాయన మెల్లిగా. "లోపల ఉన్నది కూడా మీ పిన్నిగారే. పెళ్ళి కాకముందు."

హంసవేణికి ముందు వచ్చినది కోపం. ఇన్నేళ్ళూ మోసం చేసిందన్నమాట! ఆ కోపం బస్సులో సగం దూరం కూడా నిలవలేదు. గీత నిట్టనిలువునా లేచి దిగనన్న ఆ చోటు కళ్ళ ముందుకొచ్చింది. "నాకు కావలసింది అది కాదు" అన్న తన మాట తనకే వినిపించింది. దాన్ని చదివి కాల్చి పారేసింది కదా! కిటికీ వైపు తిరిగి, పక్కవాళ్ళకి తెలియకుండా ఏడ్చింది.

ఇంటికొచ్చేసరికి నూకరత్నం పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని కవ్వళ్ళ చేపలు తోముతోంది. హంసవేణి ఎదురుగా కూలబడి బిళ్ళని పీట చివర పెట్టింది. పైనంతా కొత్తదానిలా మెరుస్తోంది, బొమ్మ ఉన్న జాడే లేదు.

నూకరత్నం దాన్ని చూసింది. చేపని వదల్లేదు. "సెప్పేసిందా నీ మిషను?"

"చెప్పింది. ఇది నీ బంగారం పిన్నీ."

"అందుకే వొద్దన్నాను." పొలుసు ఇంకాస్త గట్టిగా గీకింది. "ఆవిడే దొరకలేదు, ఆవిడ ఒంటి మీది బంగారం ఎక్కడ దొరుకుద్దే? బిళ్ళ లేకుండా పెళ్ళేటి, పోయినది ఊరుకుంటదా అని మీ నాయనమ్మ ఒకటే పోరు. కొనడానికి మీ నాన్న దగ్గరేముంది? పడవ కూడా తుఫానులోనే పోయింది. నా చెవులకి కమ్మలుండేవి. పుట్టింటి పుస్తె చేయించుకోమని మా అమ్మ ఇచ్చింది వాటిని. అవే కొట్టించేశాను. ఇసకలో దొరికిన కాసులమ్మ బంగారమేనని మీ నాయనమ్మకి చెప్పాను."

"అంటే పుట్టింటి పుస్తె..."

"ఒక్క పుస్తెతోనే చేసుకున్నాను. రెండుండాలని నీకేం తెలుసు? మెడ మీద కలంతో గీసుకునే కాలం పిల్లవి." నవ్వింది. "అయినా పుస్తె పక్కన ఈ బిళ్ళ, దూరం నుంచి చూస్తే రెండుగానే అగుపడేవి లే."

"నాకైనా చెప్పొచ్చు కదా!"

"ఎప్పుడు చెప్పను? నీకు నిద్దరొస్తే ఆ బిళ్ళ గుప్పిట్లో పట్టుకోవాలి. ఎవరిదే ఇది అంటే మీ అమ్మది అని చెప్పాను ఓ రోజు. నీ మొగం ఎంత ఎలిగిపోయిందో! ఆ తర్వాత కాదని చెప్పడానికి నోరు రాలేదు నాకు."

హంసవేణి బిళ్ళని వేలితో పిన్ని వైపు జరిపింది. "నీ పొర కాల్చేశాను పిన్నీ. నన్ను ఆసుపత్రిలో పెట్టుకుని నువ్వు నిద్రపోని రోజులన్నీ ఉన్నాయి అందులో. అడ్డమొచ్చిందని తీసి పారేశాను. నిన్ను అడగను కూడా అడగలేదు. అడిగానని సార్‌తో అబద్ధం చెప్పాను. అది ఇంక రాదు, ఎక్కడా దొరకదు."

నూకరత్నం చేతులు కడుక్కుని, చీర చెంగుకి తుడుచుకుని, బిళ్ళ తీసి ఎండకి పట్టి చూసింది.

"పోతే పోయిందిలేవే. సచ్చిపోయానేటి నేను? మళ్ళీ కట్టుకుంటే మళ్ళీ పడతది చెమట. దానికేనా ఇంత ఏడుపు?" అంది. "అవునుగానీ, మీ అమ్మ గురించి సముద్రాన్ని అడిగావు, మిషన్ని అడిగావు. నన్నడిగావా ఎప్పుడన్నా?"

"నీకు కష్టంగా ఉంటుందేమోనని అడగలేదు."

"నాకేటి కష్టం?"

"సవతి కదా పిన్నీ."

నూకరత్నం ఆ మాటకి కోపం తెచ్చుకోలేదు. బిళ్ళని ఒళ్ళో వేసుకుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆమె నోట "ఆవిడ" అన్న మాట రాలేదు. హంసవేణి పుట్టి బుద్ధెరిగాక ఆ గొంతు అలా వినడం అదే మొదలు.

"అది నాకు సవతి ఎప్పుడైందే? సచ్చిపోయాక అయ్యింది. బతికున్నన్నాళ్ళూ స్నేహితురాలే. పక్క పక్క ఇళ్ళు మావి. దాని జడ నేను ఏసేదాన్ని, నా జడ అది ఏసేది. ఒసే రత్తీ, ఒసే రత్తీ అని గోడ మీంచి ఊరంతా ఇనపడేలా అరిచేది. దాని తర్వాత నన్ను రత్తీ అన్నవాళ్ళు లేరు. అది పోయిందని అందరూ ఏడ్చారు, నేనే ఏడవలేదు. దాని దినాలు కాకుండానే నలుగురు పెద్దోళ్ళు నన్ను మీ నాన్నకి మాటాడేసుకున్నారు. దాని మొగుడు దక్కాడు, పిల్ల దక్కింది, ఇంకా దొంగేడుపు ఒకటా అంటారు గదా. ఆ శుక్రవారం బొట్టు పెట్టే కాసేపే దానితో మాటాడుకునేదాన్ని."

అంది, అంటూనే ఆమె నోరు వంకర తిరిగింది. ఎల్లాజీ పోయినప్పుడు కూడా నలుగురి ముందు అంతగా ఏడవని మనిషి కత్తిపీట ముందు, చేపల మధ్య, కాళ్ళు చాపుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. హంసవేణి దగ్గరకి జరిగి భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఊరుకోమనలేదు. చాలాసేపటికి నూకరత్నమే ముక్కు చీదుకుని, "ఊ, అడుగు. ఏటి కావాలో అడుగు" అంది.

ఇన్నేళ్ళుగా దాచుకున్న ప్రశ్నలన్నీ హంసవేణి నాలుక మీదకి ఒక్కసారే వచ్చిపడ్డాయి. ఏది ముందు అడగాలో తెలీక, చివరికి "మీరిద్దరూ ఎప్పుడైనా పోట్లాడుకున్నారా?" అంది.

"అమ్మో! ఒకసారా, రెండుసార్లా!" అని నూకరత్నం కళ్ళు తుడుచుకుని, చీర సర్దుకుని చెప్పడం మొదలుపెట్టింది.